అనురాధపురంలో ఒక రోజు: శ్రీలంక వెళ్తే గానీ మన ఘంటసాల గుర్తు రాలేదు

ముదినేపల్లి నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చేశాను. పోయిన ఎపిసోడ్‌లో కొలంబో చూశాం కదా, ఈరోజు అనురాధపురం. కొలంబో నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. నేనూ మా బాబాయీ ముందు రోజు రాత్రికే చేరుకుని, పొద్దున్నే ఆరింటికి ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. అక్కడ ఆటోని టుక్‌టుక్ అంటారు.

ముందు ఊరి గురించి రెండు ముక్కలు. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దం నుంచి క్రీ.శ. 11వ శతాబ్దం దాకా, కాస్త అటూ ఇటూగా, శ్రీలంకకి ఇదే రాజధాని. 1982లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఊరి చుట్టూ పెద్ద పెద్ద చెరువులు. అవి చూసి మా బాబాయి, "ఏరా, మన కైకలూరు వైపు వచ్చినట్టు లేదూ?" అన్నాడు. కానీ ఇవి చేపల చెరువులు కాదు, రెండు వేల ఏళ్ళ కిందట రాజులు తవ్వించిన సాగునీటి చెరువులు. కొన్ని ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

మొదట వెళ్ళింది శ్రీమహాబోధి దగ్గరికి. అశోకుడి కూతురు సంఘమిత్ర క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో బుద్ధగయ బోధివృక్షం కొమ్మని ఇక్కడికి తెచ్చిందని చెబుతారు. మనిషి నాటిన చెట్లలో, ఎప్పుడు నాటారో లెక్క ఉండి ఇంకా బతికున్న వాటిలో ఇదే అతి పాతది. తెల్లబట్టల్లో జనం, చేతుల్లో తామరపూలు. ఎవరూ గట్టిగా మాట్లాడరు.

అక్కడి నుంచి రువన్‌వెలిసాయ. తెల్లగా, నున్నగా, నూట మూడు మీటర్ల ఎత్తు. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో దుట్టగామణి రాజు మొదలుపెట్టించాడు. చుట్టూ ప్రహరీ గోడకి వరసగా ఏనుగుల బొమ్మలు. ఫోటోలు తీస్తుంటే టైమే తెలియలేదు.

అసలు విషయం మూడో చోట మొదలైంది. జేతవనారామయ. దీనికి సున్నం లేదు, ఎర్ర ఇటుకే. మహాసేనుడనే రాజు మొదలుపెట్టాడు. కట్టినప్పుడు సుమారు 122 మీటర్లు. అప్పటికి ప్రపంచంలో దీనికన్నా ఎత్తైనవి ఈజిప్టులోని గీజా పిరమిడ్లు రెండే. ఇప్పుడు 71 మీటర్ల దాకా మిగిలింది. పట్టిన ఇటుకలు తొమ్మిది కోట్ల పైనే అని అంచనా. లోపల డొల్ల లేదు, మొత్తం ఇటుకే!

స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకి పొడుచుకొచ్చిన కట్టడాలు ఉన్నాయి. వీటిని వాహల్కడ అంటారు. వాటి మీద నాగులు, పూలతీగలు చెక్కి ఉన్నాయి. అక్కడున్న గైడ్ మమ్మల్ని "ఏ ఊరు?" అని అడిగాడు. ఆంధ్రా, కృష్ణా నది దగ్గర అన్నాను. వెంటనే, "అయితే ఇవి మీకు కొత్త కాదుగా! అమరావతిలో ఇలాంటివే ఉంటాయి. చూశారా?" అన్నాడు.

నేను చూడలేదు. ఘంటసాలైనా చూశానా అంటే అదీ లేదు. మా ఊరి నుంచి గుడివాడ, పామర్రు, కూచిపూడి దాటితే వచ్చేస్తుంది. చల్లపల్లి పెళ్ళిళ్ళకి ఎన్నిసార్లు వెళ్ళానో! ఒక్కసారీ బండి ఆపలేదు. వీసా తీసుకుని సముద్రం దాటి వచ్చినవాణ్ణి, గైడ్ ముందు తల దించుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ గైడ్ మాటలో అర్థం ఏంటో చెప్తాను. మన కృష్ణా తీరం స్తూపాలకి నాలుగు దిక్కులా ఆయక వేదికలు ఉండేవి. ఒక్కో వేదిక మీద ఐదేసి స్తంభాలు. బుద్ధుడి జీవితంలో ఐదు ఘట్టాలకి అవి గుర్తు: పుట్టుక, ఇల్లు విడిచి వెళ్ళడం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం. లంకలోని వాహల్కడలని పరిశోధకులు ఈ ఆయక వేదికలతోనే పోలుస్తారు. అమరావతి శైలిలో ఉన్న సున్నపురాయి శిల్పాలు కూడా శ్రీలంకలో దొరికాయి.

మరి రాకపోకలు ఉండేవా? ఉండేవి. 2వ శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళవేత్త ఈ తీరంలో "కంటకోస్సిల" అనే వ్యాపార కేంద్రం ఉందని రాశాడు. అదే కంటకసేల, అంటే మన ఘంటసాల. దీనికన్నా గట్టి సాక్ష్యం నాగార్జునకొండలో దొరికింది. 3వ శతాబ్దం, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటి ప్రాకృత శాసనం. బోధిసిరి అనే ఆవిడ వేయించింది. రాణి కాదు, ఒక ఉపాసిక. లంక నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించానని అందులో ఉంది. అక్కడి సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం కట్టించింది. కంటకసేల మహాచైత్యం తూర్పు వాకిట్లో రాతి మండపం కూడా కట్టించింది. అంటే లంకా, ఘంటసాలా ఒకే రాతి మీద, ఒకే ఆవిడ దానాల లెక్కలో ఉన్నాయన్నమాట!

మరి అక్కడ అంత మిగిలి, మన దగ్గర ఎందుకు మిగల్లేదు? అనురాధపురం కూడా రాజధాని పోయాక అడవి పాలైంది. కానీ పూజ పూర్తిగా ఆగలేదు, తర్వాత బాగుచేసుకున్నారు. మన దగ్గర బౌద్ధం పోయాక స్తూపాలు మట్టి దిబ్బలయ్యాయి. దిబ్బ అంటే ఊళ్ళో వాళ్ళకి ఇటుకల గని. 19వ శతాబ్దంలో గుడివాడ స్తూపం ఇటుకలు రోడ్డుకి పోయాయి. భట్టిప్రోలు స్తూపం ఇటుక రోడ్డు పనులకి, పాలరాయి కాలువ లాకుకి వాడేశారు. ఘంటసాల శిల్పాలు కొన్ని ఇప్పుడు పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉన్నాయి.

ఊరొచ్చిన మరుసటి ఆదివారం బాబాయిని బండెక్కించుకుని ఘంటసాల వెళ్ళాను. జేతవనం చూసిన కంటికి చిన్నదే. కానీ దాని లోపలి కట్టడం తెలిస్తే ఆశ్చర్యపోతారు. అలెగ్జాండర్ రీ అనే ఆయన 1892లో తవ్వినప్పుడు బయటపడింది: నడుమ చదరంగా ఇటుక కట్టడం, దాని నుంచి బండి చక్రం ఆకుల్లా గోడలు, మధ్యలో ఖాళీల్లో మట్టి. ఇటుక తగ్గుతుంది, బరువు అన్ని వైపులా సమంగా పడుతుంది. మన మెత్తటి రేగడి నేలలో అలాంటి ఆలోచన చేశారంటే మామూలు విషయమా! బాబాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "ఇన్నాళ్ళూ దీని పక్క నుంచే పోయాం రా" అన్నాడు.

అనురాధపురం వెళ్ళేవాళ్ళకి నాలుగు జాగ్రత్తలు. ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో ఈటీఏ రూల్స్ చూసుకోండి. టికెట్ కౌంటర్లో పాస్‌పోర్టు చూపించి సార్క్ దేశాల రేటు ఉందేమో అడగండి. స్తూపాల దగ్గర చెప్పులు, టోపీ తీసేయాలి. పదకొండు దాటితే రాళ్ళు పెనంలా కాలతాయి, సాక్సులు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, రెండు రోజులు కుంటాను. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ అస్సలు దిగొద్దు, అక్కడ దాన్ని అవమానంగా చూస్తారు.

ఇక మన వైపు వాళ్ళకి ఒక్కటే మాట. బందరు, గుడివాడ, అవనిగడ్డ, ఎక్కడున్నా సరే, ఘంటసాలకి వీసా అక్కర్లేదు. అర లీటరు పెట్రోలో, లీటరు పెట్రోలో చాలు. వెళ్ళి చూసి, ఫోటో తీసి కామెంట్లో పెట్టండి. అక్కడి నుంచి ఒక్క ఇటుక ముక్క కూడా గుర్తుగా తెచ్చుకోకండి, ఇప్పటికే చాలా పోయాయి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!