లో బ్యాటరీ కటాఫ్ రిలే

లో బ్యాటరీ కటాఫ్ రిలే అనగా బ్యాటరీ వోల్టేజి ఒక నిర్ణీత స్థాయి కంటే తగ్గినపుడు ఇన్వర్టరును దానంతట అదే ఆపివేసే ఏర్పాటు. కరెంటు పోయినపుడు ఇన్వర్టరు బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చి ఇంటికి అందిస్తుంది. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యేవరకు ఇలా వాడితే దాని ఆయుష్షు త్వరగా తీరిపోతుంది. దీనిని నివారించుటే ఈ రిలే ప్రయోజనం. ప్రస్తుతం లభించే ఇన్వర్టర్లలో చాలా వాటికి ఈ రక్షణ లోపలే ఉంటుంది. పాత ఇన్వర్టర్లకు, సొంతంగా తయారు చేసుకున్న వాటికి, కటాఫ్ స్థాయి మరీ తక్కువగా ఉన్నవాటికి దీనిని విడిగా అమర్చుతారు.

అవసరం

ఇళ్ళలో ఇన్వర్టర్లకు ఎక్కువగా వాడేది సీసపు ఆమ్ల బ్యాటరీ. దీనిని 1859లో ఫ్రాన్సు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు ఘటాలు ఉంటాయి. బ్యాటరీ నుండి విద్యుత్తు తీసుకొనేకొద్దీ రెండు రకాల పలకల మీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. వెంటనే ఛార్జి చేస్తే ఇది తిరిగి కరిగిపోతుంది. బ్యాటరీని బాగా ఖాళీ చేసి అలాగే వదిలేస్తే సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి, ఛార్జి చేసినా కరగదు. దీనినే సల్ఫేషన్ అంటారు. ఇలా జరిగిన మేరకు బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది.

పూర్తిగా ఛార్జి అయి, విశ్రాంతిలో ఉన్న బ్యాటరీ వోల్టేజి సుమారు 12.7 వోల్టులు ఉంటుంది. లోడు ఉన్నపుడు 10.5 వోల్టులు, అనగా ఘటానికి 1.75 వోల్టులు, దిగువ హద్దుగా పరిగణిస్తారు. కొంత జాగ్రత్త కోసం 10.8 వోల్టుల వద్దనే ఆపడం మంచిది. లోడు చాలా తక్కువైతే వోల్టేజి నెమ్మదిగా పడుతుంది కనుక 10.8కి చేరేసరికి బ్యాటరీ మరింత లోతుగా ఖాళీ అయి ఉంటుంది. ఒకటి రెండు ఫ్యాన్లు మాత్రమే నడిచే ఇంటిలో హద్దును 11.5 వోల్టుల దగ్గర పెట్టుకోవచ్చు. రెండు బ్యాటరీలను వరుసగా కలిపిన 24 వోల్టుల వ్యవస్థలో ఈ హద్దులన్నీ రెట్టింపవుతాయి.

రిలే ఒక్కటే ఎందుకు చాలదు

12 వోల్టుల రిలే తీగచుట్టను నేరుగా బ్యాటరీకి కలిపితే, వోల్టేజి తగ్గినపుడు అదే వదిలేస్తుందని కొందరు భావిస్తారు. ఇది సరి కాదు. ఇటువంటి రిలే సాధారణంగా 9 వోల్టుల లోపే అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కున్న తరువాత వోల్టేజి ఇంకా చాలా పడిపోయేవరకు వదలదు. అప్పటికి బ్యాటరీ పాడై ఉంటుంది. కావున వోల్టేజిని కొలిచి నిర్ణయం తీసుకొనే పని కంపేరేటరు అనే వలయానికి అప్పగించి, రిలేను స్విచ్చిగా మాత్రమే వాడాలి.

వలయం పనిచేసే విధానం

ఎల్.ఎం.358 ఐసీతో చేసే ఒక వలయం ఈ విధంగా ఉంటుంది.

* ఐసీ మైనస్ ఇన్‌పుట్ వద్ద 5.1 వోల్టుల జీనర్ డయోడు స్థిరమైన వోల్టేజిని ఇస్తుంది. దీనికి 1.2 కిలో ఓమ్‌ల నిరోధకం ద్వారా బ్యాటరీ నుండి కరెంటు అందుతుంది.
* ప్లస్ ఇన్‌పుట్‌కు బ్యాటరీ ధనధ్రువం వైపు 13 కిలో ఓమ్‌లు, ఋణధ్రువం వైపు 10 కిలో ఓమ్‌ల నిరోధకాలు కలుపుతారు.
* ఔట్‌పుట్ నుండి ప్లస్ ఇన్‌పుట్‌కు 62 కిలో ఓమ్‌ల నిరోధకం కలుపుతారు.
* ఔట్‌పుట్ 4.7 కిలో ఓమ్‌ల నిరోధకం ద్వారా బి.సి.547 ట్రాన్సిస్టరును, ఆ ట్రాన్సిస్టరు 400 ఓమ్‌ల తీగచుట్ట గల రిలేను నడుపుతాయి.
* తీగచుట్టకు అడ్డంగా 1ఎన్4007 డయోడును వ్యతిరేక దిశలో కలపాలి. లేనిచో రిలే ఆగిన క్షణంలో పుట్టే ఎక్కువ వోల్టేజి ట్రాన్సిస్టరును పాడు చేస్తుంది.

ఈ విలువలతో రిలే సుమారు 10.8 వోల్టుల వద్ద వదిలి, 12.8 వోల్టుల వద్ద మరల అతుక్కుంటుంది. ఈ రెండింటి మధ్య తేడా చాలా ముఖ్యం. లోడు తీసేయగానే బ్యాటరీ వోల్టేజి తనంతట తానే కొంత పెరుగుతుంది. తేడా లేకపోతే ఇన్వర్టరు ఆగడం, వోల్టేజి పెరగడం, మళ్ళీ నడవడం, మళ్ళీ ఆగడం వెంటవెంటనే జరిగి రిలే టకటకలాడుతుంది. 12.8 వోల్టులు అనేది ఛార్జింగు మొదలైతేనే వచ్చే స్థాయి కనుక, కరెంటు వచ్చేవరకు రిలే ఆగి ఉంటుంది. ఇటువంటి తేడాను హిస్టరెసిస్ అంటారు.

ఫ్రిజ్ లేదా మోటారు మొదలయ్యేటపుడు వోల్టేజి క్షణకాలం పడిపోతుంది. ఇందుకు ఇన్వర్టరు ఆగిపోకుండా ప్లస్ ఇన్‌పుట్ నుండి ఋణధ్రువానికి 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరును కలిపితే కొన్ని సెకన్ల ఆలస్యం లభిస్తుంది. మొదటిసారి రిలేను పని చేయించడానికి, ప్లస్ ఇన్‌పుట్‌ను 10 కిలో ఓమ్‌ల నిరోధకం ద్వారా బ్యాటరీ ధనధ్రువానికి కలిపే పుష్ బటన్ ఒకటి ఉంచి, దానిని కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి.

రిలేను ఎక్కడ కలపాలి

ఈ అమరికలో ఎక్కువగా జరిగే పొరపాటు బ్యాటరీ నుండి ఇన్వర్టరుకు వెళ్ళే లావు తీగను రిలే ద్వారా పంపడం. 600 వాట్ల లోడుకు 12 వోల్టుల వద్ద కనీసం 50 ఆంపియర్ల కరెంటు కావాలి. ఇన్వర్టరులో జరిగే నష్టాలు కలిపితే ఇది ఇంకా పెరుగుతుంది. 10 ఆంపియర్ల రిలే దీనికి తట్టుకోలేదు. పైగా ఏకముఖ విద్యుత్తులో స్పర్శకాల మధ్య పుట్టిన నిప్పురవ్వ ఏకాంతర విద్యుత్తులో వలె సున్నా వద్ద ఆరిపోదు. స్పర్శకాలు కరిగి అతుక్కుపోతే రక్షణ ఉందనుకున్న చోట రక్షణ ఉండదు.

మరొక చిక్కు కూడా ఉంది. ఇంటి ఇన్వర్టర్లలో ఛార్జింగు కూడా అదే లావు తీగల ద్వారా జరుగుతుంది. వాటిని తెంచితే కరెంటు వచ్చినా బ్యాటరీ ఛార్జి కాదు, వోల్టేజి 12.8కి చేరదు, రిలే తిరిగి అతుక్కోదు.

కావున రిలే స్పర్శకాలను ఇన్వర్టరు ఆన్-ఆఫ్ స్విచ్చి తీగతో వరుసలో కలపాలి. ఆ స్విచ్చిలో స్వల్ప కరెంటు మాత్రమే ప్రవహించేదీ, స్విచ్చి ఆపినా ఛార్జింగు కొనసాగేదీ లేనిదీ ముందుగా చూసుకోవాలి. కామన్, నార్మల్లీ ఓపెన్ పిన్నులను వాడితే రిలే అతుక్కున్నపుడే ఇన్వర్టరు నడుస్తుంది. ఏదైనా తీగ ఊడినా, రిలే చుట్ట కాలినా ఇన్వర్టరు ఆగిపోతుంది. ఇందుకై రిలే నిరంతరం 30 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. ఇది రోజుకు 0.72 ఆంపియర్-గంటలు మాత్రమే కనుక, 150 ఆంపియర్-గంటల బ్యాటరీకి భారం కాదు.

జాగ్రత్తలు

* వోల్టేజిని కొలిచే తీగలను నేరుగా బ్యాటరీ టెర్మినల్స్ నుండే తీసుకోవాలి. లావు తీగలో 0.01 ఓమ్ నిరోధం ఉన్నా 50 ఆంపియర్ల వద్ద అర వోల్టు తేడా వస్తుంది.
* ఈ తీగకు ధనధ్రువం దగ్గరే 1 ఆంపియరు ఫ్యూజు ఉంచాలి.
* జీనర్ విలువ కొద్దిగా మారవచ్చు కనుక, 10 కిలో ఓమ్‌ల నిరోధకం స్థానంలో ప్రీసెట్ వాడి, వోల్టేజిని మార్చగల పవర్ సప్లైతో ముందుగా సరిచూడాలి.
* ఛార్జింగులో బ్యాటరీ నుండి హైడ్రోజన్ వెలువడుతుంది. రిలేలో నిప్పురవ్వలు పుడతాయి కనుక దానిని బ్యాటరీ మూతల పక్కన అమర్చరాదు.
* ఇన్వర్టరు మూత తెరిచే ముందు మెయిన్స్ ప్లగ్గును, బ్యాటరీ తీగలను తీసివేయాలి.

ఇవి కూడా చూడండి

* ఇన్వర్టరు
* రిలే
* సీసపు ఆమ్ల బ్యాటరీ
* జీనర్ డయోడు