ఆ రెండు వేలు ఎవరివి?

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్నగారు పాస్‌బుక్ నా చేతికిచ్చి, "ఇందులో మూడుసార్లు రెండేసి వేలు పడ్డాయిరా, పెన్షన్ కాదు, ఏమిటో చూడు" అన్నారు. చూశాను. పీఎం కిసాన్ డబ్బు. ఊళ్ళో ఎవరో రైతుల పేర్లు రాసుకుంటుంటే మా రెండున్నర ఎకరాల పట్టా నకలు ఇచ్చి, సంతకం పెట్టారట. ఆయన రిటైరైన హెడ్మాస్టరు.

2019 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో వస్తాయి. మొదట రెండు హెక్టార్ల లోపు వాళ్ళకే అన్నారు, అదే ఏడాది భూమి ఉన్న రైతు కుటుంబాలన్నిటికీ విస్తరించారు. అయితే ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకూ, ప్రభుత్వోద్యోగులకూ, నెలకు 10,000 రూపాయలు, ఆపైన పెన్షన్ తీసుకునేవాళ్ళకూ వర్తించదు (నాలుగో తరగతి సిబ్బందికి మినహాయింపు ఉంది). అంటే నాన్నగారు అనర్హులు.

ఆ పొలం దున్నేది మాత్రం ఆయన కాదు. పదేళ్ళుగా కౌలుకిచ్చాం. చేసే అతనికి సెంటు భూమి లేదు కాబట్టి పీఎం కిసాన్ లేదు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధులోనూ ఇదే చిక్కు. అది ఎకరానికింత అని పట్టాదారుకే ఇచ్చారు. ఎకరం ఉన్నవాడికి ఒక వాటా అయితే పదెకరాలవాడికి పది వాటాలు, కౌలుదారుకు సున్నా. పథకం పేరులో రైతు ఉన్నా, డబ్బు నడిచేది పట్టా వెంట.

సాయం ఎవరికి చేరుతుందో తేల్చేది పథకం ఉద్దేశం కన్నా, దాన్ని దేనికి ముడిపెట్టారన్నదే. గ్యాస్ సబ్సిడీ సంగతి చూడండి. సిలిండర్ ధర అందరికీ ఒకేలా తగ్గించడం చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఎక్కువ గ్యాస్ కాల్చేవాళ్ళకు ఎక్కువ సబ్సిడీ పోతుంది. దేశంలోని కుటుంబాల్లో పేద సగం వాడేది మొత్తం వంటగ్యాస్‌లో నాలుగో వంతేనని 2014-15 ఆర్థిక సర్వే చెప్పింది. మిగతా మూడు వంతులూ మనలాంటి ఇళ్ళవే. 2015లో సబ్సిడీ వదులుకోమని పిలుపిచ్చినప్పుడు కోటికి పైగా కుటుంబాలు వదులుకున్నాయి. మా ఇంట్లో దానిమీద రెండు రోజులు వాదన జరిగింది, అది వేరే కథ.

ఇప్పుడు ఇంకో లెక్క. 2022-23 గృహ వినియోగ సర్వేలో మనిషికి నెల ఖర్చు రెండు రకాలుగా ఇచ్చారు. ఉచితంగా అందిన బియ్యం, గోధుమలు, సైకిళ్ళు, ల్యాప్‌టాప్‌లు, యూనిఫాం లాంటివి కలపకుండా ఒకటి, వాటి విలువ కలిపి ఒకటి. పల్లెల్లో అట్టడుగు 5 శాతం మందికి ఆ ఖర్చు 1,373 రూపాయలు, కలిపితే 1,441. అందరికన్నా పైనున్న 5 శాతానికి 10,501 నుంచి 10,581. అంటే కిందివాడికి 68, పైవాడికి 80! సుమారు లెక్కగానే తీసుకోండి, అయినా నేను రెండుసార్లు సరిచూసుకున్నాను. పట్నాల్లో అలా లేదు: కింద 86, పైన 22.

అలాగని పల్లె పథకాలు దండగ అనడానికి లేదు. 68 రూపాయలు ఆ పేదవాడి ఖర్చులో ఇంచుమించు 5 శాతం. 80 రూపాయలు పైవాడికి 1 శాతం కూడా కాదు. ఒకే పథకాన్ని ఒకరు పేదల పక్షమనీ, మరొకరు కాదనీ వాదిస్తుంటే, ముందు వాళ్ళు రూపాయలు లెక్కిస్తున్నారా, శాతాలా అని అడగాలి. పైగా ఈ సర్వే విలువ కట్టినవాటిలో నగదు పథకాలు, ఉచిత వైద్యం, చదువు లేవు.

అనర్హులను ఏరెయ్యాలంటే తనిఖీలు పెంచాలి. కానీ పెంచిన ప్రతి తనిఖీలోనూ వేలిముద్ర పడని ముసలమ్మ, ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా ఉన్న కూలీ బయట పడిపోతారు. కౌంటర్‌లో ఇరవై ఏళ్ళు కూర్చున్నవాడిగా నాకు రెండో తప్పే పెద్దదనిపిస్తుంది. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్ 80 ఏళ్ళ లోపు వాళ్ళకు నెలకు 200 రూపాయలే. రాష్ట్రాలు తమ వాటా కలపబట్టి సరిపోతోంది. దానికోసం కూడా మూడుసార్లు తిరిగినవాళ్ళను చూశాను.

నాన్నగారి 6,000 పీఎం కిసాన్ పోర్టల్లోనే తిరిగి కట్టేశాం. రసీదు ప్రింటు తీసి పాస్‌బుక్‌లో పెట్టుకుంటూ, "మరి వాడి సంగతేమిట్రా?" అన్నారు. ఆ డబ్బు అతనికి ఇప్పించే దారి లేదు. కౌలు రైతులు నలుగురి నుంచి పది మంది దాకా కలిస్తే ఉమ్మడి పూచీ మీద పంట రుణం ఇచ్చే పద్ధతి మాత్రం మన బ్యాంకుల్లో ఉంది, ఆ మాటే అతనితో చెప్పాను. నిన్న ఫోన్ చేశాడు. తనతో కలిపి ముగ్గురయ్యారట.