మనం వదిలించుకున్న హెలికాప్టరుకు అక్కడ మ్యూజియంలో చోటు

సూరత్: తపతీ నది అరేబియా సముద్రంలో కలిసే చోట, సూరత్ నగరానికి చేరువలో హజీరా ఉన్నది. సముద్రగర్భంలోని దక్షిణ బసీన్ క్షేత్రంలో వెలికితీసిన సహజవాయువు రెండు వందల కిలోమీటర్లకు పైగా నీటి అడుగున వేసిన గొట్టాల గుండా ఇక్కడికే చేరుతుంది. శుద్ధి అయిన తరువాత హెచ్‌బీజే పైపులైను ద్వారా ఉత్తరాదిలోని ఎరువుల కర్మాగారాలకు, విద్యుత్ కేంద్రాలకు వెళుతుంది. మరమగ్గాల పని కోసం సూరత్ చేరిన తెలుగు కుటుంబాలకు హజీరా పేరు సుపరిచితమే. అయితే ఆ వాయువును పైకి తీసే సిబ్బందిని నడిసముద్రంలోని వేదికలకు చేరవేసే వాహనం గురించి ఎవరూ అంతగా తలచుకోరు. అది హెలికాప్టరు.

ఈ పని కోసమే ప్రధానంగా 1985లో హెలికాప్టర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. అదే తరువాత పవన్ హంస్ అయింది. తొలి విడతగా సమకూర్చుకున్న 42 హెలికాప్టర్లలో సగం ఫ్రాన్సుకు చెందిన డాఫిన్ రకం, మిగిలిన సగం బ్రిటన్‌కు చెందిన వెస్ట్‌లాండ్-30 రకం. డాఫిన్లు దశాబ్దాల తరబడి సేవలందించాయి. వెస్ట్‌లాండ్ల కథ వేరు.

సుమారు ఆరున్నర కోట్ల పౌండ్ల విలువైన ఆ 21 హెలికాప్టర్లకు సొమ్ము బ్రిటన్ ఇచ్చిన సహాయ నిధుల నుంచే వచ్చింది. అంటే బ్రిటన్ ఒక చేత్తో ఇచ్చిన సాయం తమ దేశపు కంపెనీకే మరో దారిన చేరిందన్నమాట. ప్రపంచంలో ఈ రకం హెలికాప్టర్లు మొత్తం నలభైకి కాస్త పైన మాత్రమే తయారయ్యాయన్నది గమనిస్తే, భారతదేశం కొన్నవి దాదాపు సగమని తేలుతుంది. 1988లో జమ్ము ప్రాంతంలో, 1989లో నాగాలాండ్‌లో జరిగిన ప్రమాదాలు ప్రాణనష్టం మిగిల్చాయి. 1991 నాటికి మొత్తం దళం మూలపడింది. చివరకు మిగిలినవాటిని ఒక బ్రిటిష్ సంస్థ తొమ్మిది లక్షల పౌండ్లకు కొన్నది. పెట్టిన సొమ్ములో నూటికి రెండు పౌండ్లయినా తిరిగి రాలేదు.

ఇంతగా చెడ్డపేరు మోసిన ఆ హెలికాప్టరు రకానికే ఇంగ్లండు పశ్చిమ తీరాన ఉన్న వెస్టన్-సూపర్-మేర్ పట్టణంలో గౌరవప్రదమైన చోటు దక్కింది. అక్కడి పాత విమానాశ్రయం ఆవరణలో నెలకొన్న హెలికాప్టర్ మ్యూజియంలో 1979 ఏప్రిల్‌లో తొలిసారి గాలిలోకి లేచిన వెస్ట్‌లాండ్-30 మొదటి నమూనాతో పాటు దాని తరువాతి రూపాలు కూడా ఉన్నాయి. విజయం సాధించిన యంత్రాలనే కాక, విఫలమైనవాటినీ దాచిపెట్టడం ఈ మ్యూజియం ప్రత్యేకత. ఆ పక్కనే అదే కంపెనీ తయారీ లింక్స్ హెలికాప్టరు కనిపిస్తుంది. 1986 ఆగస్టు 11న గంటకు 400.87 కిలోమీటర్ల వేగాన్ని అందుకుని అది నెలకొల్పిన ప్రపంచ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు.

ఎల్ఫాన్ ఆప్ రీస్ అనే పాత్రికేయుడు సొంతంగా సేకరించిన యంత్రాలతో మొదలైన ఈ ప్రదర్శనశాల 1989లో ప్రస్తుత రూపం సంతరించుకున్నది. ఇప్పుడు ఎనభైకి పైగా హెలికాప్టర్లు, ఆటోగైరోలు ఇందులో ఉన్నాయి. వీటి మరమ్మతు, పునరుద్ధరణ పనుల్లో అధిక భాగాన్ని జీతం ఆశించని స్వచ్ఛంద కార్యకర్తలే నెత్తిన వేసుకున్నారు.

పని వినడానికి తేలికే కాని చేయడానికి కాదు. బరువు తగ్గించడం కోసం పాత హెలికాప్టర్లలో మెగ్నీషియం మిశ్రమ లోహపు భాగాలు విరివిగా వాడారు. ఉప్పుగాలి తగిలితే అవి పొడిపొడిగా రాలిపోతాయి. పైన రంగు మెరుస్తున్నా లోపల లోహం తినేసి ఉండవచ్చు. కనుక పాత రంగు గీకి, రివెట్లు ఒక్కొక్కటే ఊడదీసి, పాడైన రేకు కోసి, కొత్త రేకు అతికించాలి. విడిభాగాలు బజారులో దొరకవు. మూలపడిన మరో యంత్రం నుంచి తీసుకోవాలి, లేదా చేతితో తయారు చేసుకోవాలి. ఒక్క హెలికాప్టరుకే ఏళ్ళు పట్టడం మామూలే.

ఈ శ్రద్ధ లేకపోతే ఏమవుతుందో కూడా అక్కడే చూడవచ్చు. నలభై మంది ప్రయాణికులను మోయగలదని ఆశలు రేపిన ఫెయిరీ రోటోడైన్ పథకం 1962లో రద్దయింది. యంత్రాన్ని ముక్కలు చేశారు. మ్యూజియానికి దక్కినవి కొన్ని తునకలు మాత్రమే.

మన దేశంలో ఇటువంటి పని సైన్యం, ప్రభుత్వాల భుజాలపైనే ఉన్నది. ఢిల్లీలోని పాలం వైమానిక మ్యూజియం, 1998లో గోవాలో తెరచిన నౌకాదళ వైమానిక మ్యూజియం అందుకు నిదర్శనాలు. తెలుగునాట ఈ విషయంలో ముందున్నది విశాఖపట్నం. 2002లో కుర్సురా జలాంతర్గామి సాగరతీరంలో ప్రదర్శనశాలగా మారింది. 29 ఏళ్ళ సేవలో ప్రమాదమన్నది లేకుండా సుమారు 30 వేల గంటలు ఎగిరిన టీయూ-142 విమానం 2017 ఏప్రిల్‌లో అరక్కోణం నుంచి తానే ఎగిరివచ్చింది. దానిని విడదీసి, లారీలపై బీచ్ రోడ్డుకు తరలించి, మళ్ళీ బిగించారు. అదే ఏడాది డిసెంబరు 7న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు.

2007లో అమెరికా నుంచి ఐఎన్‌ఎస్ జలాశ్వ నౌకతో పాటు వచ్చిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు 2024 జూన్ 28న విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగాలో సెలవు తీసుకున్నాయి. వాటిలో ఒకదానిని నగరంలో శాశ్వతంగా ప్రదర్శించేందుకు రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించాలని నౌకాదళం నిర్ణయించింది. కుర్సురాలో సందర్శకులకు ప్రతి గదినీ వివరించి చెబుతున్నది నౌకాదళంలో పనిచేసి విరమించినవారే. అయితే రంగు గీకి రివెట్లు బిగించడానికి సెలవు రోజున వచ్చే పౌరుల బృందాలు మనకు ఇంకా అలవాటు కాలేదు. విశాఖ తీరంలో ఉప్పుగాలి మాత్రం వెస్టన్ గాలికంటే వేడిగా, తేమగా వీస్తుంది.