ఎర్త్‌సీ కథలయందలి గురుశిష్యసంబంధము - సంధి

సంధి యను పదమునకు మన శాస్త్రములలో రెండు ప్రసిద్ధార్థములు గలవు. వైయాకరణులకు అది రెండు వర్ణముల కలయిక. నీతిశాస్త్రజ్ఞులకు అది ఇరువురు రాజుల నడుమఁ గుదిరిన పొందు. షాడ్గుణ్యమునందు మొదట లెక్కింపఁబడునది. ఈ రెండర్థములకును మూల మొక్కటియే: వేఱువేఱుగా నున్నవి చేరి నిలుచుట. ఈ చిన్నపదమును ఆధారముగాఁ గొని, మన దేశమునకు దూరమైన యొక కల్పితకథావళిని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. అవి అమెరికాదేశపు రచయిత్రి ఉర్సులా కె. లెగ్విన్ (1929-2018) రచించిన ఎర్త్‌సీ కథలు.

మాంత్రికులును, డ్రాగనులను పేరఁ బరఁగు రెక్కల మహాసర్పములును సంచరించు నిట్టి కథలలోఁ బండితులు చదువఁదగిన దేమున్నదని శంకించువారు గలరు. వారి శంక నిర్హేతుకము గాదు. అట్టి రచనలలోఁ బెక్కు యుద్ధముతోఁ బుట్టి యుద్ధముతోనే ముగియును. కాని ఎర్త్‌సీ కథలలో యుద్ధము ప్రధానము గాదు. విద్య యెట్లు చేతులు మాఱును? బాలుఁడెట్లు పెద్దవాఁడగును? దేశమున శాంతి యెట్లు నిలుచును? ఈ మూఁడు ప్రశ్నలును ఇందు విడదీయరాకుండ నల్లుకొనియున్నవి. శాంతియు విద్యవలెనే ఒక తరమువారు మఱియొక తరమువారి చేతి కీయవలసినది. ఇచ్చువాఁడు తాను తొలఁగుట కియ్యకొననిచో నది నిలువదు. ఈ కథల సార మిది యని నా తలంపు.

గ్రంథోత్పత్తి

లెగ్విన్ 1929వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీని కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరమున జన్మించెను. ఆమె తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రజ్ఞుఁడు. ఆ ప్రాంతపు ఆదిమజాతుల భాషలను, ఆచారములను గూర్చి పరిశోధించినవాఁడు. తల్లి థియొడోరా, తన వారందఱు నశింపఁగా నొంటిగా మిగిలిన ఇషీ యనువాని చరిత్రమును 1961లోఁ బ్రకటించెను. ఇషీ యనునది వాని నిజనామము గాదు. ఆ భాషలో మనుష్యుఁడని దాని యర్థము. తన పేరు తాను పరులకుఁ జెప్పరాదను జాత్యాచారమును బట్టి వాఁడు దానిని తుదివఱకును వెల్లడింపలేదు. ఎర్త్‌సీ కథలలో నిజనామమునకుఁ గల మహిమను జదువునప్పుడు ఈ వృత్తాంతము నాకు స్ఫురించుచుండును.

1967లో బర్క్‌లీయందలి పర్నాసస్ ప్రకాశకులు కొంచెము పెద్దపిల్లలకొఱకొక కథ వ్రాయుమని యామెను గోరిరి. పూర్వకథలలోని మాంత్రికు లందఱును నెఱసిన గడ్డములతోనే కానవత్తురు. వారు బాలురై యున్నప్పు డెట్లుండిరి, వారికి విద్య గఱపినవా రెవ్వరు అని యామె యోజించెను. ఆ ప్రశ్నమునుండి 1968లో మొదటి గ్రంథము ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ వెలువడెను. పిమ్మట ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ 1971లోను, ‘ది ఫార్దెస్ట్ షోర్’ 1972లోను, ‘టెహాను’ 1990లోను, ‘టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ’, ‘ది అదర్ విండ్’ అను రెండును 2001లోను వచ్చినవి.

నామవిద్య

ఎర్త్‌సీ యనునది అనేకద్వీపములతోఁ గూడిన కల్పితలోకము. ఆ లోకమున నొక యాదిభాష గలదు. అందుఁ బ్రతివస్తువునకును నిజనామ ముండును. దాని నెఱిఁగినవాఁడు ఆ వస్తువును శాసింపఁగలఁడు. మనుష్యులకును వాడుకపేరొకటి, నిజనామమొకటి గలవు. నిజనామమును బ్రాణమిత్రులకుఁ దక్క నెవ్వరికిఁ జెప్పరు. మన గృహ్యసూత్రములయందును ఉపనయనమువఱకు తలిదండ్రులకుమాత్రమే తెలిసియుండు రహస్యనామము చెప్పఁబడియున్నది గావున, ఈ కల్పన మనకుఁ గేవలము విదేశీయముగాఁ దోఁపదు.

రోక్ ద్వీపమున మాంత్రికవిద్యాలయము గలదు. అందలి ఆచార్యులలో నామాచార్యుఁడు ఏకాంతమగు గోపురమున వసించును. అతఁడు శిష్యులకుఁ బదముల పట్టికలు వ్రాసి యిచ్చును. నడురేయి కాఁగానే సిరా మాసి పత్రము శూన్యమగును గావున ఆలోపల వానిని గంఠస్థము చేయవలెను. అమరమును వల్లెవేయించిన పంతుళ్లకును, వేసిన శిష్యులకును ఈ ఘట్టమునకు వేఱు వ్యాఖ్యానము వలదు. మఱియొక యాచార్యుఁడు, ఒక గులకరాతిని నిజముగా రత్నముగా మార్చుట యనఁగా లోకమునే మార్చుట యనియు, దానివలనఁ గలుగు మంచిచెడ్డలు తెలియక యొక యిసుకరేణువునైనను మార్చరాదనియు బోధించును. శక్తికన్న ముందు దానిని బ్రయోగింపకుండు నేర్పు రావలెననుట ఆ విద్యాలయపు మొదటి సూత్రము.

మౌనియగు గురువు

ప్రథమకథానాయకుఁడు గెడ్ అనువాఁడు గాంట్ ద్వీపమునందలి పల్లెటూరివాఁడు, తల్లిలేని బాలుఁడు. పండ్రెండేండ్ల ప్రాయమున, దండెత్తివచ్చిన కార్గులనుండి తన యూరిని మంచు కల్పించి కాపాడెను. ఆ వార్త విని ఓగియన్ అను మాంత్రికుఁడు వచ్చి, పదుమూఁడవయేట వానికి నిజనామ మొసఁగి శిష్యునిగాఁ గైకొనెను. ఈ గురువు మంత్రములను వెంటనే చెప్పఁడు. అడవులలో నడచును, వర్షము వచ్చినచోఁ దడియును, ఓషధుల పేరులు చెప్పి యూరకుండును. విద్య యెప్పుడు మొదలగునని శిష్యుఁడడిగిన, మొదలైనదని యుత్తరమిచ్చును. శిష్యునికి దాని యర్థము తెలియదు. మౌనమే పాఠమని తెలియుటకు వానికిఁ బెక్కేండ్లు పట్టినది.

ఓర్వలేని గెడ్ రోక్‌నకుఁ బోయెను. అచట నొక సహపాఠితోఁ బంతము పూని మృతురాలిని బిలువఁబోఁగా, ఆ రంధ్రమునుండి పేరులేని ఛాయ యొకటి లోకమునఁ బడెను. దానిని మూయుటలోఁ బ్రధానాచార్యుఁడు ప్రాణములు గోల్పోయెను. శిష్యుని యహంకారమునకు గురువు మూల్యము చెల్లించిన యీ సంఘటనము కథావళి కంతకును బీజము.

పిదప గెడ్ పెండోర్ ద్వీపమున డ్రాగనును దాని నిజనామముతోఁ గట్టివేసెను. తన్ను వెంటాడు ఛాయ పేరు చెప్పెదనని యది యాశపెట్టినను లొంగక, తాను కాపాడవలసిన ద్వీపవాసులపైకి అది గాని దాని సంతానము గాని రాకుండునట్లు ప్రమాణము చేయించెను. ఇది యీ కథలలోని మొదటి సంధి. తన రక్షణమును విడిచి పరుల రక్షణమును గోరుటచేతనే యది కుదిరినది. తుదకు, పాఱిపోవుట మాని వెనుదిరిగి దానినే వెంటాడుమని ఓగియన్ చెప్పఁగా, గెడ్ సముద్రాంతమున నా ఛాయను దన పేరుతోనే పిలిచెను. అది తానే యని యెఱుఁగుట వాని పెద్దఱికమునకు మొదలు. శత్రువును జంపుటతోఁ గాక, తనలోని చీకటిని దనదని యొప్పుకొనుటతో బాల్యము ముగిసినది.

విఱిగిన కడియము

రెండవ గ్రంథమున సంధి యను పదము కేవల మలంకారము గాక వస్తువే యగుచున్నది. ఎరెత్ అక్బె యను పూర్వవీరుని వెండికడియము రెండుగా విఱిగియుండెను. దానిపైఁ జెక్కిన తొమ్మిది లిపిచిహ్నములలో నొకటి విఱుగుడు నడుమఁ బడి నశించినది. అది శాంతిచిహ్నము. అది లేనందున ఆ లోకమున నే రాజును స్థిరముగా నేలలేకపోయెను. ఒక ముక్క అటువాన్‌లోని భూగర్భసమాధులలో నుండెను. రెండవముక్కను, నిర్జనమగు నిసుకదిబ్బపై విడువఁబడిన యొక వృద్ధురాలు, దాని విలువ తానును దెలియకయే, ఓడ పగిలి వచ్చిన గెడ్‌న కిచ్చెను.

ఆ సమాధులకుఁ బూజారిణి టెనార్. ఆమెను బసితనముననే తల్లినుండి కొనిపోయి, పేరు తీసివేసి, “మ్రింగఁబడినది” అను నర్థముగల యర్హ యను బిరుదముతోఁ బెంచిరి. గెడ్‌నకు నామమిచ్చిన గురువు దొరకెను. ఈమెకు నామము హరించిన గురువులు దొరకిరి. బోధ యనునది రెండు విధములని రచయిత్రి యిట్లు చూపినది: ఒకటి శిష్యుని వానికే యప్పగించును, రెండవది శిష్యుని మ్రింగును. చీకటిలోఁ జిక్కిన గెడ్‌ను జంపవలసిన టెనార్ వానిని బ్రదుకనిచ్చెను. అతఁ డామె పేరు మరల నామె కిచ్చెను. అటుపిమ్మటనే కడియపు ముక్కలు రెండును గలిసినవి. వైరిదేశములకుఁ జెందిన యిరువురు ఒండొరులను నమ్మినఁ గాని వెండి యతుకలేదు.

గురువు తొలఁగుట

మూఁడవ గ్రంథమునకు 1973లో అమెరికాయందలి జాతీయగ్రంథపురస్కారము బాలసాహిత్యశాఖలో లభించెను. ఇందు గెడ్ ప్రధానాచార్యుఁడు; ఎన్లాడ్ రాజకుమారుఁడు ఆర్రెన్ శిష్యుఁడు. లోకమున మంత్రములు మాసిపోవుచున్నవి; పాటలు మఱచిపోఁబడుచున్నవి. కాబ్ అను మాంత్రికుఁడు చావులేని బ్రదుకును గోరి జీవమరణముల నడిమి ద్వారమును దెఱచుటయే దానికిఁ గారణము. కాని యా కాబ్‌ను బూర్వము యౌవనమదమున నవమానించి, మృత్యువన్న భీతి నెక్కించినవాఁడు గెడ్ తానే. గురువు తప్పు శిష్యుని తరమునకు ఋణమై దిగుననుట యిందలి సూక్ష్మము.

నడిమార్గమున గెడ్ గాయపడఁగా ఆర్రెన్ నిరాశతో సేవ మాని నావను బ్రవాహమునకు విడిచెను. ఆ ద్రోహము నొప్పుకొన్నప్పుడు గురువు నిందింపక వానినే మార్గదర్శిగా నమ్మెను. తుదకు ద్వారమును మూయుటలో గెడ్ తన శక్తినంతయు వ్యయించి సామాన్యుఁడయ్యెను. అతనిని మోసికొని శిష్యుఁడు దుఃఖపర్వతములను దాఁటెను. చీకటినేలను బ్రాణముతో దాఁటినవాఁడే రాజగునను ప్రాచీనోక్తి యట్లు నెఱవేఱెను. రోక్ కొండపై గురువు శిష్యునికి మోఁకరిల్లి, డ్రాగను నెక్కి వెడలిపోయెను.

మన కచోపాఖ్యాన మిచట స్మరణీయము. దేవదానవుల వైరముననే కచుఁడు శుక్రుని శిష్యుఁడై మృతసంజీవని నార్జించెను. దేవయానిశాపముచే నా విద్య వానికి ఫలింపక, వాఁడుపదేశించినవారికి ఫలించునదయ్యెను. విద్య తన్ను దాఁటి పోయినప్పుడే సార్థకమను భావ మా కథయందును గలదు. భేద మేమన, కచుఁడు తెచ్చిన విద్య మృతులను మరల రణమునకు నిలుపును. గెడ్ వ్యయించిన విద్య మృతులకు విశ్రాంతి నొసఁగును.

రచయిత్రి పునర్విమర్శ

పట్టాభిషేకముతోఁ గథ ముగిసినచో నిది సుందరమైన కట్టుకథయే యై యుండెడిది. పదునెనిమిదేండ్లకు లెగ్విన్ ‘టెహాను’ వ్రాసి, తన ముగింపును దానే ప్రశ్నించినది. రాజు సింహాసనమున నున్నాఁడు. కాని బాటలలో దుర్మార్గు లుందురు. ఒక పసిబాలికను దనవారే యగ్నిలోఁ ద్రోసిరి. రాజముద్రికతో వచ్చిన శాంతి యా పిల్ల యింటికిఁ జేరలేదు. ఆ బాలికను బెంచునది ప్రౌఢయు విధవయు నగు టెనార్. ఆమెకుఁ దోడు శక్తిహీనుఁడై సిగ్గుపడుచున్న గెడ్. పూర్వగ్రంథములలోని విద్యాలయము పురుషులకే పరిమితమైనదనియు, అందు స్త్రీల విద్య తృణీకరింపఁబడినదనియు రచయిత్రి యిందు గుర్తించినది. కవి తన కల్పనలోని లోపమును దానే దిద్దుకొనుట అరుదు. అందుచేత నీ గ్రంథము నాకు మిక్కిలి గౌరవపాత్రము.

చివరిగ్రంథమునఁ గార్గురాజు తన కూఁతురు సెసెరఖ్‌ను, రాజైన ఆర్రెన్‌నకు భార్యగాఁ బంపెను. ఆమెకు నతని భాష రాదు. అతని కామెయందుఁ గోపమే గలిగెను. అప్పుడు టెనార్ ఆమెకు భాష నేర్పఁబూనెను. సేనాపతులు గాని మాంత్రికులు గాని చేయలేని పని యొక భాషోపాధ్యాయురాలి పాఠముతో మొదలయ్యెను. మనుష్యులకును డ్రాగనులకును గల ప్రాచీనసమయము గూడ, మనుష్యుల యమరత్వలోభముచే భగ్నమైనదని యిందు వెల్లడియగును. మృతులను బంధించిన గోడ కూలిన పిదపఁ గాని రెండు జాతులకును నెమ్మది లేదు.

ఉపసంహారము

తెలుఁగు సంధిలోఁ బూర్వస్వరము తొలఁగి పరస్వరము నిలుచును. రాముఁడు, అతఁడు అను పదములు కలిసి రాముఁడతఁడు అగునప్పుడు, ముందున్న యుకారము పోవుచున్నది. అది పోనిది యా రెండు మాటలును ఒక్కటి గావు. ఓగియన్ మౌనమును, ప్రధానాచార్యుని మరణమును, గెడ్ శక్తిత్యాగమును జూచినప్పుడు నాకీ సూత్రమే తోఁచును. పూర్వుఁడు తొలఁగుటకు ఇయ్యకొన్నచోట సంధి కుదిరినది. తొలఁగనొల్లని కాబ్ చోట లోకమే చీలినది.

ఇట్టి కథలను విద్యార్థులకుఁ జెప్పవచ్చునా యని యడుగు పాఠశాలాపండితులకు నా విన్నప మిది. మంత్రములను జూచి వెనుదీయవలదు. అందలి పాఠమును జూడుఁడు. మనము పదములను వల్లెవేయించుచున్నాము, సూత్రములను బోధించుచున్నాము. ఒకనాఁడు శిష్యుఁడు మనలను మించి నడచునప్పుడు దారి విడుచుట గూడ మన వృత్తిధర్మమే యని యీ కథలు తెలుపుచున్నవి. సహృదయులు పరిశీలింతురు గాక.