సూపర్ హీరోకి దర్శకుడెవరు?

సినిమా మొదలవకముందే దాని గురించి గంటలకొద్దీ మాట్లాడుకోవడం మన తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు. ఒకప్పుడు టీకొట్టు దగ్గర జరిగేవి, ఇప్పుడు వాట్సాప్‌లో జరుగుతున్నాయి, అంతే తేడా. కానీ సూపర్ హీరో సినిమాల విషయంలో "దర్శకుడెవరు?" అన్న ప్రశ్న ఉత్త కాలక్షేపం కాదు. మామూలు కుటుంబ కథకి దర్శకుడు మారితే కథనం మారుతుంది. గ్రాఫిక్స్ మీద నడిచే సినిమాకి దర్శకుడు మారితే విడుదల తేదీ, ఖర్చు, ఒక్కోసారి సినిమా ఉనికే మారిపోతాయి. అందుకే ఈసారి ఈ శీర్షికలో కెమెరాల సంగతీ కంప్యూటర్ల సంగతీ కాస్త పక్కన పెట్టి, అభిమానుల ఊహాగానాల గురించి మాట్లాడుకుందాం. చివరికి మళ్లీ కంప్యూటర్ల దగ్గరికే వస్తామనుకోండి!

ముందు కొంచెం పాత కథ. హాలీవుడ్‌లో సూపర్‌మన్ వచ్చిన రెండేళ్లకే, 1980లో, మనకీ ఒక సూపర్‌మన్ వచ్చాడు. ఎన్టీఆర్ హీరో, వి. మధుసూదనరావు దర్శకుడు. అందులో హీరోకి శక్తులు వేరే గ్రహం నుంచి రాలేదు, హనుమంతుడి వరంగా వచ్చాయి. నలభై నాలుగేళ్ల తర్వాత, 2024 జనవరి 12న విడుదలైన 'హనుమాన్'లో తేజ సజ్జాకీ శక్తి ఆ స్వామి నుంచే వచ్చింది. మనవాళ్లకి సూపర్ హీరో అంటే మొదట గుర్తొచ్చేది ఎవరో దీన్నిబట్టే తెలుస్తోంది కదా.

'హనుమాన్'కి ముందు అభిమానుల లెక్కలు ఎలా ఉండేవో గుర్తు చేసుకోండి. 2022 అక్టోబరులో 'ఆదిపురుష్' టీజర్ వచ్చింది. గ్రాఫిక్స్ చూసి జనం పెదవి విరిచారు. సినిమా 2023 జనవరి నుంచి జూన్‌కి జరిగింది. సరిగ్గా ఆ గొడవ మధ్యలో, నవంబరులో, 'హనుమాన్' టీజర్ వచ్చింది. అంతకన్నా ఎన్నో రెట్లు తక్కువ ఖర్చుతో తీసిన సినిమా. ఇక పోలికలే పోలికలు! 'ఆదిపురుష్'ని ప్రశాంత్ వర్మకి ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో అని ఊహించినవాళ్లు కోకొల్లలు. ఆ పొగడ్తలో పడి చాలామంది మర్చిపోయిన సంగతి ఒకటుంది. 'హనుమాన్' కూడా చెప్పిన తేదీకి రాలేదు. 2023 మే 12 అన్నారు, ఎనిమిది నెలలు ఆగింది. ఆ ఆలస్యమే దాన్ని నిలబెట్టిందని నా అభిప్రాయం.

ఎందుకంటారా? ముఐథర్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక విల్లాలో గదులు పంచుకుని ఉండే తెలుగు కుర్రాళ్లున్నారు. కరీంనగర్ నుంచి ఒకరు, కడప నుంచి ఇద్దరు, మిగతావాళ్లు గోదావరి జిల్లాలవాళ్లు. శుక్రవారం ఒక్కటే సెలవు. ఇండియా కన్నా మనం రెండున్నర గంటలు వెనక కాబట్టి, అక్కడ తెల్లవారుజామున నాలుగింటికి ఆట పడితే ఇక్కడ రాత్రి ఒంటిగంటన్నర. వీళ్లు నిద్ర మానుకుని ఫోన్లలో టాక్ చూసుకుని, సాయంత్రం హాలుకి పోవాలా వద్దా అని అప్పుడు నిర్ణయించుకుంటారు. ఊరికి పంపగా మిగిలిన రియాళ్లలోంచి టికెట్టు కొనాలి మరి. మొన్నొక శుక్రవారం భోజనాల దగ్గర వాదన మొదలైంది.

"అన్నా, ప్రశాంత్ వర్మనే అన్నీ తియ్యాలె. వేరేటోళ్లకిస్తే ఆ టేస్టు రాదు" అన్నాడు కరీంనగర్ తమ్ముడు.

"ఒరేయ్, ఆయనొక్కడే తీస్తా పోతే నీకు పెళ్లయి పిల్లోళ్లు పుట్టినాక వస్తాయిరా" అని కడప అబ్బాయి.

అక్కడే ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఉన్నాడు. భవనాల్లో ఏసీ డక్టులూ పైపులూ కంప్యూటర్లో త్రీడీగా గీయడం అతని పని. అంతదాకా పెరుగన్నం కలుపుకుంటూ ఊరుకున్నవాడు, "మేము ఒక బిల్డింగు వాక్‌త్రూ రెండరింగుకి పెట్టి పడుకుంటే తెల్లారినా అవదండి. పొద్దున్నే బాసు వచ్చి కెమెరా కొంచెం ఎడమకి జరపమంటే మళ్లీ మొదటికే" అన్నాడు. అసలు విషయమంతా ఆ మాటలోనే ఉంది.

చిన్న లెక్క చూడండి. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. మూడు నిమిషాల పోరాటమంటే 4,320 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము రెండర్ కావడానికి ఒక కంప్యూటరుకి నాలుగు గంటలు పడుతుందనుకుందాం. మొత్తం 17,280 గంటలు. ఒకే మెషీనయితే రెండేళ్లకి కొంచెం తక్కువ. వంద మెషీన్లు పెడితే వారం పైన. ఇది ఆఖరి మెట్టు మాత్రమే. దానికి ముందు ప్రీవిజ్ అని, బొమ్మల సినిమాలాగా సన్నివేశాన్ని ముతకగా తయారుచేసుకుంటారు. షూటింగయ్యాక అసలు కెమెరా ఎలా కదిలిందో కంప్యూటర్లో మళ్లీ పట్టుకోవాలి, దాన్ని మ్యాచ్‌మూవ్ అంటారు. నటుడి చుట్టూ అంచు ఫ్రేము ఫ్రేముకీ కత్తిరించినట్టు గీయాలి, అది రోటో. తర్వాత లైటింగు, ఆ తర్వాత అన్నీ కలిపి అతికే కంపోజిటింగు. దర్శకుడు ప్రీవిజ్ దగ్గర మనసు మార్చుకుంటే పోయేది రెండు రోజులు. కంపోజిటింగు దగ్గర మార్చుకుంటే పోయేది నెలలు, కోట్లు. నిద్రలేని రాత్రులు మాత్రం తెర మీద పేరు కూడా సరిగ్గా కనపడని రోటో కుర్రాళ్లవి.

కాబట్టి ఇలాంటి సినిమాకి ఎవరు సరైన దర్శకుడన్న ప్రశ్నకి, "ఇంతకు ముందు పెద్ద సినిమా తీశాడా?" అని చూడటం అంత సరైన కొలత కాదనిపిస్తుంది. సన్నివేశాన్ని ముందే కళ్లముందు చూసుకుని, దానికి కట్టుబడి ఉండగలడా అన్నది చూడాలి. నాగ్ అశ్విన్‌నే తీసుకోండి. 'ఎవడే సుబ్రమణ్యం' (2015), 'మహానటి' (2018) తీసిన మనిషికి ప్రభాస్‌తో సైన్స్ ఫిక్షనా అని 2020లో నొసలు విరిచినవాళ్లు నాకు తెలుసు. ఆ సినిమాకి పేరు పెట్టకుండా 'ప్రాజెక్ట్ కె' అని ఊరుకోవడంతో అభిమానులకి పండగే అయింది. కె అంటే కర్ణుడా, కృష్ణుడా, కల్కియా? 2023 జూలైలో అమెరికాలోని శాన్ డియాగో కామిక్-కాన్‌లో 'కల్కి 2898 ఏడీ' అని బయటపెట్టేదాకా ఈ గోల నడిచింది. అప్పుడు ఇంకో ప్రశ్న పుట్టింది. 2898 ఏమిటి? క్రీస్తుపూర్వం 3102లో కలియుగం మొదలైందని మన పంచాంగాల లెక్క. రెండూ కలిపితే 6,000. మహాభారత కాలం నుంచి ఆరువేల ఏళ్ల కథ అని దర్శకుడే తర్వాత చెప్పారు.

ఆ సినిమాకి కూడా తేదీలు మారాయి. 2024 జనవరి 12 అన్నారు, మే 9 అన్నారు, జూన్ 27న వచ్చింది. అన్నట్టు, ఆ జనవరి 12నే 'హనుమాన్' వచ్చి కూర్చుంది! భైరవ నడిపే బుజ్జి అనే కారుని పూర్తిగా గ్రాఫిక్స్‌కి వదిలెయ్యకుండా, దాదాపు ఆరు టన్నుల నిజం బండిని మహీంద్రా వాళ్ల సాయంతో, కోయంబత్తూరు జయెం ఆటోమోటివ్స్‌తో కలిసి కట్టించారు. నిజం వస్తువు ఎదురుగా ఉంటే వెలుగునీడలు సహజంగా పడతాయి, కంప్యూటరుకి భారం తగ్గుతుంది. ఇలాంటి నిర్ణయం ఏళ్ల ముందే తీసుకోవాలి. 'మహానటి' దర్శకుడికి ఇది చేతనవుతుందని అప్పుడు పందెం కాసినవాళ్లు ఎందరు?

ఇప్పుడు ప్రశాంత్ వర్మ సినీ లోకం దగ్గరికి వద్దాం. 'జై హనుమాన్'లో హనుమంతుడెవరన్న దాని మీద 2024 అంతా చర్చే. చిరంజీవి పేరు గట్టిగా వినిపించింది. అక్టోబరు 30న పోస్టరు వస్తే అందులో ఉన్నది 'కాంతార' రిషబ్ శెట్టి. అదే ఏడాది రణవీర్ సింగ్‌తో అనుకున్న సినిమా మే నెలలో ఆగిపోయింది. మోక్షజ్ఞ మొదటి సినిమాని సెప్టెంబరులో ప్రకటించారు, డిసెంబరులో మొదలవాల్సింది నిలిచిపోయింది. ఇక 'మహాకాళి'కి 'మార్టిన్ లూథర్ కింగ్' (2023) తీసిన పూజ అపర్ణ కొల్లూరుని దర్శకురాలిగా ప్రకటించారు. 2022లో ప్రకటించిన 'అధీర' 2025లో 'కిరాక్ పార్టీ' దర్శకుడు శరణ్ కొప్పిశెట్టి చేతికి వెళ్లింది.

కరీంనగర్ తమ్ముడికి నచ్చనిది ఇదే. నాకు మాత్రం ఇది మంచి పనే అనిపిస్తుంది. ఒకే మనిషి బుర్రలో నాలుగు సినిమాల ప్రీవిజ్ పట్టదు. కథ ఒకరు పుట్టించి, తీయడం ఇంకొకరికి అప్పగించడం మార్వెల్ వాళ్లు ఏళ్లుగా చేస్తున్నదే. నాకు నచ్చనిది వేరొకటి. చేతిలో ఉన్నది పూర్తికాకుండా తర్వాతది ప్రకటించడం. మార్వెల్‌కీ ఆ దెబ్బ తగిలింది. 2019లో ఆర్భాటంగా ప్రకటించిన 'బ్లేడ్'ని 2022లో బాసం తారిఖ్, 2024లో యాన్ డెమాంజ్ వదిలి వెళ్లారు. డీసీ దారి వేరు. 2022లో జేమ్స్ గన్‌ని సంస్థకే ఇద్దరు అధిపతుల్లో ఒకడిగా కూర్చోబెట్టారు. 'సూపర్‌మన్'ని ఆయన తానే రాసి, తానే తీసి 2025 జూలైలో విడుదల చేశాడు. మిగతావి వేరేవాళ్లకి ఇచ్చాడు. పునాది రాయి తాను వేసి గోడలు పంచాడన్నమాట. ప్రశాంత్ వర్మ 'హనుమాన్'తో చేసిందీ అదే. కానీ రెండో రాయి 'జై హనుమాన్' పడేదాకా మిగతా ప్రకటనలు అంత తొందరగా వచ్చి ఉండాల్సింది కాదు.

ఇక పుకార్లని జల్లెడ పట్టడం ఎలాగంటే, నేను చూసేవి రెండే. నిర్మాణ సంస్థ సొంత ఖాతాలో వచ్చిందా? గ్రాఫిక్స్ పనికి సరిపడా వ్యవధి విడుదల తేదీలో ఉందా? షూటింగు మొదలవకుండానే ఏడాదిలో వస్తుందంటే నమ్మకండి. పోస్టర్లయితే ఇప్పుడు ఏఐతో ఎవరైనా నిమిషంలో చేస్తున్నారు. వేళ్లూ, ఆభరణాల లింకులూ, వెనకాల రాసిన అక్షరాలూ పెద్దవి చేసి చూడండి, తెలుగు అక్షరాల దగ్గర చాలా వరకు దొరికిపోతాయి. మొన్న మా గ్రూపులో తిరిగిన 'జై హనుమాన్' పోస్టరులో 'హ'కి తలకట్టు లేదు, గదకి పిడి రెండు చోట్ల ఉంది. అయినా పదిహేడు మంది దండాలు పెట్టారు!