తీరప్రాంత పక్షుల పరిశీలనలో స్వచ్ఛంద కార్యకర్తల పాత్ర

సముద్ర పక్షులు జీవితకాలంలో అధిక భాగాన్ని తీరానికి దూరంగా గడుపుతాయి. సముద్రంపై మరణించిన వాటిలో కొన్ని మాత్రమే అలలతో ఒడ్డుకు చేరుతాయి. ఆ కళేబరాల జాతి, సంఖ్య, శారీరక స్థితి ఆధారంగా సముద్రంలోని ఆహార కొరతను, చమురు కాలుష్యాన్ని, వ్యాధులను గుర్తించే వీలుంటుంది. అయితే వేల కిలోమీటర్ల తీరాన్ని ప్రతి నెలా పరిశీలించడం శాస్త్రవేత్తలకు మాత్రమే సాధ్యమయ్యే పని కాదు. ఈ లోటును పూరించేందుకు అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జూలియా పారిష్ అనే శాస్త్రవేత్త నేతృత్వంలో 1990ల చివరలో ‘కోస్ట్’ కార్యక్రమం రూపుదిద్దుకొంది. ఉత్తర కాలిఫోర్నియా నుండి అలాస్కా వరకు గల తీరవాసులు ఇందులో స్వచ్ఛందంగా పాల్గొంటున్నారు.

పరిశీలనా విధానం

శిక్షణ పొందిన కార్యకర్తలు తమకు కేటాయించిన తీరభాగాన్ని నెలకొకసారి నడిచి పరిశీలిస్తారు. కళేబరం కనిపించినపుడు ముందుగా పాదం ఆకృతిని గమనిస్తారు. ఈకలు చెదిరిపోయినా పాదం చాలాకాలం నిలుస్తుంది గనుక జాతి నిర్ధారణకు అది మొదటి ఆధారం. తరువాత ముక్కు, రెక్క, కాలి పొడవులను కొలిచి, కొలబద్దను పక్కన ఉంచి ఫొటో తీస్తారు. చివరగా రంగు ప్లాస్టిక్ పట్టీలు కట్టి కళేబరాన్ని అక్కడే విడిచిపెడతారు. దీనివలన ఒకే పక్షిని రెండుసార్లు కొత్తదిగా లెక్కించే పొరపాటు తప్పుతుంది; కళేబరం తీరంపై ఎన్నాళ్లు నిలుస్తుందో కూడా తెలుస్తుంది. కొలతలను, ఫొటోలను నిపుణులు సరిచూసిన పిదపే జాతి నిర్ధారణ ఖరారవుతుంది.

‘ఏమీ కనబడలేదు’ అన్న నమోదు

ఒక్క పక్షి కూడా కనబడని రోజును సైతం కార్యకర్తలు తప్పక నమోదు చేస్తారు. కళేబరాలు కనిపించిన రోజులనే లెక్కించినట్లయితే, సాధారణ స్థాయి ఎంతో తెలియదు. అసాధారణ మరణాలను గుర్తించడమూ సాధ్యపడదు.

ఈ నియమం విలువ 2015-16లో స్పష్టమైంది. ఈశాన్య పసిఫిక్ సముద్రజలాలు అసాధారణంగా వేడెక్కిన ఆ కాలంలో, కాలిఫోర్నియా నుండి అలాస్కా వరకు దాదాపు 62,000 కామన్ మర్ పక్షులు మరణించిన లేదా మరణావస్థలో ఉన్న స్థితిలో ఒడ్డుకు చేరాయి. వాటిలో అధిక భాగం తీవ్రంగా కృశించి ఉన్నాయి. ఈ పక్షి రోజుకు తన బరువులో దాదాపు సగం ఆహారం తీసుకోవలసి ఉంటుంది. కొద్ది రోజులు ఆహారం దొరకకపోయినా బ్రతకదు. కోస్ట్ కార్యకర్తలతో పాటు ఇతర బృందాలు, సంస్థలు సేకరించిన సమాచారం ఆధారంగా, మొత్తం మరణాలు 10 లక్షలకు చేరువై ఉంటాయని 2020లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. అంతకు ముందు సంవత్సరాల నెలవారీ నమోదులే ఈ ఉపద్రవం తీవ్రతను బేరీజు వేయడానికి కొలమానమయ్యాయి.

మన తీరానికి అన్వయం

ఆంధ్రప్రదేశ్ తీరానికి ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్ల కళేబరాలు కొట్టుకువస్తుంటాయి. తీరగ్రామాల మత్స్యకారులు, కళాశాల విద్యార్థుల సహకారంతో వాటిని లెక్కించదలచినవారు ఈ క్రింది అంశాలు పాటించవలసి ఉంటుంది.

• పరిశీలించే తీరభాగం హద్దులు, నడిచిన దూరం, తేదీ ముందే నిర్దిష్టంగా ఉండాలి.
• లెక్కించిన ప్రతి కళేబరానికి రంగుతో గుర్తు వేయాలి.
• కొలబద్దతో కూడిన ఫొటో లేని నమోదును ధ్రువీకరించినదిగా పరిగణించరాదు.
• కళేబరం కనబడని పర్యటనలను కూడా నమోదు చేయాలి.
• వ్యాధికారక సూక్ష్మజీవుల దృష్ట్యా కళేబరాలను చేతి తొడుగులు లేకుండా తాకరాదు.

రైతుల ద్వారా చీడపీడల సమాచారం సేకరించే విస్తరణ శాస్త్రవేత్తలకు సైతం ఇందులో గ్రహించదగిన విషయం ఉంది. పురుగు కనిపించిన పొలాల నుండి మాత్రమే సమాచారం అందితే ఉధృతి ఉన్నదానికంటే ఎక్కువగా తోస్తుంది. పురుగు లేని పొలాల నమోదు కూడా చేరినపుడే ఉధృతిని సరిగా అంచనా వేయగలుగుతారు. పాల్గొన్నవారికి ఫలితాలను ఎప్పటికప్పుడు తెలియజేసినట్లయితే వారి ఆసక్తి సన్నగిల్లదు. నమోదుల క్రమమూ తెగిపోదు.