చవక ఇంటికి బరువైన పన్ను

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాళ్లు నలుగురు కూచుంటే, కాసేపటికి మాట ప్రాపర్టీ టాక్స్ మీదికి మళ్లుతుంది. బ్యాంకు అప్పు ఎప్పటికో ఒకప్పటికి తీరుతుంది, ఈ పన్ను మాత్రం ఇల్లున్నంత కాలం ఉంటుంది. బడులు, పార్కులు, లైబ్రరీలు చాలావరకు దీని మీదే నడుస్తాయి కాబట్టి గొణుక్కుంటూనే కడతారు. కానీ ఊరికి ఆ కొసన ఉన్న పేదింటి మీద ఎంత పడిందో, ఈ కొసన ఉన్న బంగళా మీద ఎంత పడిందో ఎవరి బిల్లు చూసినా తెలియదు. చికాగోలో ఆ సంగతి బయటపడింది రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు.

చికాగో నగరం ఉన్నది కుక్ కౌంటీలో. అక్కడ ఇళ్లు, దుకాణాలు, ఖాళీ స్థలాలు కలిపి సుమారు 18 లక్షల ఆస్తులున్నాయి, ప్రతిదానికీ 14 అంకెల నంబరుంది. వీటికి విలువ కట్టే అధికారిని అసెసర్ అంటారు. ఆయన ఓట్లతో ఎన్నికవుతాడు. కౌంటీని మూడు ముక్కలు చేసుకుని, ఏడాదికొకటి చొప్పున, మూడేళ్లకోసారి ప్రతి ఇంటి విలువా కొత్తగా కడతారు. ఇది మొదటి పట్టిక. రెండోది అమ్మకాలది. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇల్లు చేతులు మారినప్పుడు ఎంతకు అమ్మారో ప్రకటిస్తూ ఒక ఫారం దాఖలు చెయ్యాలి, ఆ ధర ఎవరైనా చూడొచ్చు. ఆస్తి నంబరు రెండు చోట్లా ఒకటే కనుక పట్టికలను జత చెయ్యడం కష్టం కాదు. అసెసర్ కట్టిన విలువను అమ్మిన ధరతో భాగిస్తే 1కి దగ్గరగా రావాలి. ఈ పరీక్షంతా ఆ ఒక్క భాగహారం మీదే నిలబడింది.

ఒక ఊళ్లో రెండే ఇళ్లున్నాయనుకుందాం. ఒకటి లక్ష డాలర్లకు అమ్ముడుపోయింది, అసెసర్ దానికి 1,30,000 కట్టాడు. రెండోది 10 లక్షలకు పోయింది, దానికి 7 లక్షలే కట్టాడు. నిష్పత్తులు 1.3, 0.7. సగటు తీస్తే సరిగ్గా 1. కాగితం మీద ఏ లోపమూ కనపడదు!

ఇప్పుడు పన్ను వేద్దాం. అక్కడి పద్ధతిలో బడి, నగరం, పార్కుల శాఖ వంటి స్థానిక సంస్థలు తమకు మొత్తం ఎంత కావాలో ముందే తేల్చి చెబుతాయి. ఆ మొత్తాన్ని విలువల ప్రకారం ఆస్తులకు పంచుతారు. మన ఊరికి 22,000 డాలర్లు కావాలి. నిజమైన ధరల ప్రకారమైతే మొదటి ఇంటికి 2,000, రెండోదానికి 20,000 పడాలి, రెంటికీ 2 శాతమే. కట్టిన విలువల ప్రకారమైతే మొదటి ఇంటికి సుమారు 3,450, రెండోదానికి 18,550. అంటే చవక ఇంటి మీద 3.4 శాతం పైన, ఖరీదైన ఇంటి మీద 1.9 శాతం లోపు. పంచాల్సిన మొత్తం మారదు కాబట్టి, ఒకరికి తగ్గిన ప్రతి డాలరూ ఇంకొకరి బిల్లులోకి చేరుతుంది. అందుకే ఒక ఇంటికి తక్కువ కడితే అది ఆ ఇంటివాళ్ల అదృష్టంతో ఆగదు.

సగటు దాచిపెట్టిన ఈ వాలును పట్టుకునే కొలత ఒకటుంది. నిష్పత్తుల సగటును, మొత్తం విలువను మొత్తం ధరతో భాగిస్తే వచ్చే నిష్పత్తితో మళ్లీ భాగిస్తారు. అంతర్జాతీయ అసెసర్ల సంఘం ప్రమాణం ప్రకారం అది 0.98, 1.03 మధ్య ఉండాలి. మన రెండిళ్ల ఊరికి 1.33 దాకా వస్తుంది. కుక్ కౌంటీ ఇళ్ల లెక్క ఏళ్ల తరబడి ఆ గీత దాటే ఉండేది.

ఇదంతా ఎవరో కావాలని చేసిందే అనుకోనక్కర్లేదు. విలువ కట్టే కంప్యూటర్ లెక్కకు ఇంటి వైశాల్యం, వయసు, వాడ తెలుసు. లోపలికి వెళ్లి చూడలేదు కాబట్టి కొత్తగా కట్టించిన వంటిల్లు తెలియదు, నీళ్లు కారే కప్పూ తెలియదు. తెలియనిచోట లెక్క సగటు వైపే మొగ్గుతుంది. దాంతో పాడుబడ్డ ఇంటికి ఎక్కువ, మెరుగుపెట్టిన ఇంటికి తక్కువ పడుతుంది. దీని మీద అప్పీళ్లు తోడవుతాయి. అప్పీలు వేస్తే విలువ తగ్గొచ్చు, కానీ అది తెలిసి, తీరిక ఉండి, లాయరును పెట్టుకోగలిగేవాళ్లు ఎక్కువగా ఖరీదైన ఇళ్లవాళ్లే. కొలతలోనూ ఒక చిక్కుంది. అవసరం కొద్దీ అయినకాడికి అమ్మేసిన ఇంటి నిష్పత్తి దానంతటదే పెరుగుతుంది. నిజాయితీగా లెక్క చేసేవాళ్లు దాన్ని సరిదిద్దుకునే చెయ్యాలి.

చికాగో విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ బెరీ ఈ లెక్కల మీద ఏళ్లుగా పనిచేస్తున్నాడు. 2017లో చికాగో ట్రిబ్యూన్ పత్రిక 2003 నుంచి 2015 దాకా పది కోట్లకు పైగా పన్ను రికార్డులను జల్లెడ పట్టి వరస కథనాలు వేసింది. జేసన్ గ్రోటో రాసిన ఆ వరసకు తర్వాత ప్రోపబ్లికా ఇల్లినాయ్ అనే వార్తాసంస్థ తోడైంది, డేటా పని చేసినవారిలో సంధ్య కంభంపాటి ఉన్నారు. చవక ఇళ్లకు ఎక్కువ, ఖరీదైన ఇళ్లకు తక్కువ కట్టారనీ, అప్పీళ్లు ఆ తేడాను ఇంకా పెంచాయనీ ఆ కథనాలు తేల్చాయి. మరుసటి ఏడాది మార్చిలో, కౌంటీ డెమొక్రటిక్ పార్టీ అధ్యక్షుడు కూడా అయిన అసెసర్ జోసెఫ్ బెరియోస్ సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలోనే ఫ్రిట్జ్ కేగీ చేతిలో ఓడిపోయాడు. ఇంటిపన్ను నిష్పత్తుల మీద ఒక ఎన్నిక తిరగడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

కేగీ కార్యాలయం విలువలతో పాటు వాటిని కట్టే ప్రోగ్రామును కూడా అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఈ రెండూ ఒకటి కాదు. విలువల పట్టిక ఇస్తే తప్పుందని చూపించగలం. ప్రోగ్రాము కూడా ఇస్తే తప్పు ఎక్కణ్ణుంచి పుడుతోందో వెతకగలం, ఒక అంశం మార్చి మళ్లీ నడిపి చూడగలం. అయితే ఇంటి లోపల ఏముందో ఆ ప్రోగ్రాముకు ఇప్పటికీ తెలియదు. అప్పీళ్లు వినే బోర్డు కూడా వేరే ఉంది, దాని సభ్యులు విడిగా ఎన్నికవుతారు.

ఈ అదనపు పన్ను పడుతున్న వాడల చరిత్ర చూస్తే విషయం బరువు తెలుస్తుంది. 1930లలో ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలకు రంగులేసింది. అందులో నల్లజాతివారుండే వాడలకు ఎర్ర రంగు, అంటే అప్పిస్తే ప్రమాదమని. బ్యాంకు అప్పు పుట్టని కుటుంబాలు చికాగోలోని లాండేల్ వంటి చోట్ల 1950, 60లలో వాయిదాల ఒప్పందాల మీద ఇళ్లు కొన్నాయి. ఒక్క వాయిదా తప్పితే ఇల్లూ పోయేది, అప్పటిదాకా కట్టిందీ పోయేది. నగరమూ చిక్కిపోయింది: 1950లో 36 లక్షలున్న జనాభా 2020 నాటికి 27 లక్షల చిల్లరకు దిగింది. 1980లో 12 లక్షల దగ్గరున్న నల్లజాతి జనాభా 8 లక్షల లోపుకు పడిపోయింది. 2019లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జనగణన వాడల వారీగా ఆయుర్దాయం పోల్చి చూస్తే, సరస్సు ఒడ్డున ఉన్న స్ట్రీటర్‌విల్‌లో సుమారు 90 ఏళ్లు, దానికి కొన్ని మైళ్లు దక్షిణాన ఉన్న ఎంగిల్‌వుడ్‌లో సుమారు 60. ఎంగిల్‌వుడ్ లాంటి చోట కాస్త ఎక్కువ కట్టిన విలువ, ఇంటి యజమాని పొదుపును తినేస్తుంది, అద్దెకున్నవాళ్ల అద్దెలో కలుస్తుంది. కట్టలేకపోతే కౌంటీ ఆ బకాయిని వేలం వేస్తుంది.

చికాగో ఒక్కటే ఇలా లేదు. బెరీ 2021లో దేశమంతటి అమ్మకాలు తీసుకుని చూస్తే, ఒక్కో ప్రాంతంలో ధరలో అట్టడుగున ఉన్న పదో వంతు ఇళ్ల మీద పడే పన్ను శాతం పైన ఉన్న పదో వంతు మీద పడేదానికి సగటున రెట్టింపు దాటింది.

మన దగ్గర హైదరాబాద్‌లో ఇంటిపన్నుకు అద్దె విలువ ఆధారం. ఆంధ్రప్రదేశ్ పట్టణాలు 2021లో మూలధన విలువ పద్ధతికి మారాయి, అంటే సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలోని విలువకు పన్ను ముడిపడింది. ఆ విలువ ఖరీదైన కాలనీలో అసలు ధరకు ఎంత దూరంలో ఉంది, మురికివాడ పక్క సందులో ఎంత దూరంలో ఉంది? చికాగో భాగహారంతో తేల్చొచ్చు. కానీ అందుకు దస్తావేజులో అసలు ధర ఉండాలి. ఇక్కడ ధరలో కొంత నోట్ల కట్టలుగా చేతులు మారుతుంది, దస్తావేజులో పడేది తక్కిన భాగమే.